బొద్దు పిల్లల బరువు జాగ్రత్తగా దించడం: బరంపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లకు సరిపడే పద్ధతి

‘మా వాడికి పదేళ్లు, నలభై నాలుగు కిలోలున్నాడు. ఎన్ని కిలోలు దించాలి?’ అని అడిగే తల్లికి చాలాసార్లు సరైన జవాబు ‘ఒక్క కిలో కూడా దించక్కర్లేదు’ అన్నదే. వినడానికి వింతగా ఉంటుంది గానీ లెక్క వేసి చూడండి. ఆ పిల్లాడి ఎత్తు 138 సెంటీమీటర్లు అనుకుందాం. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే బీఎంఐ 23.1. ఏడాదిలో వాడు ఆరు సెంటీమీటర్లు ఎదిగి 144 అయ్యాడు, బరువు మాత్రం అదే 44 దగ్గర ఆగింది. ఇప్పుడు బీఎంఐ 21.2. బరువు మిషను ముల్లు కదల్లేదు, పిల్లాడు మాత్రం సన్నబడ్డాడు. ఎదిగే వయసు చేసే ఈ సాయం పెద్దవాళ్లకు దొరకదు. అందుకే పెద్దవాళ్ల డైటింగుని పిల్లల మీద రుద్దకూడదు.

ఎంత వేగం సురక్షితమో ముందే తెలుసుకోండి. రెండేళ్లలోపు పిల్లలకి ఏదీ తగ్గించకండి, డాక్టరుకి చూపించండి, అంతే. రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకి బరువు పెరగకుండా ఆపడమే లక్ష్యం. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లకీ చాలావరకు అంతే. బాగా ఎక్కువ బరువుంటే డాక్టరు చెప్పిన మీదట నెలకు అరకిలో దాకా తగ్గొచ్చు. పన్నెండు దాటి, ఎదుగుదల చివరికొచ్చిన వాళ్లకి వారానికి అరకిలో చాలు. ఏ వయసులోనైనా వారానికి కిలో దిగుతున్నారంటే అది మెచ్చుకోవాల్సిన సంగతి కాదు, ఆగి చూడాల్సిన సంగతి.

ముందు కొలతలు, అవీ సరిగ్గా

ఎత్తు కొలిచేటప్పుడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చెప్పులు తీయించండి, ఆడపిల్లయితే జడ ముడి విప్పించండి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి. తల మీద అట్ట ఉన్న పుస్తకం గోడకి లంబంగా పెట్టి, దాని అడుగున పెన్సిలు గీత గీసి, నేల నుంచి టేపుతో కొలవండి. రెండు సెంటీమీటర్లు తేడా వస్తే బీఎంఐ లెక్కంతా మారిపోతుంది. బరువు నెలకొక్కసారి చాలు: పొద్దున్నే, పాచి కడుపుతో, అదే మిషను మీద, పల్చటి బట్టల్లో. రోజూ ఎక్కించడం వల్ల నీళ్ల బరువు తేడాలు తప్ప ఏమీ తెలియవు, పిల్లలకి బెంగ మాత్రం పట్టుకుంటుంది.

పెద్దవాళ్లకి చెప్పే బీఎంఐ 23, 25 అన్న అంకెలు పిల్లలకి పనికిరావు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులు అయిదు నుంచి 18 ఏళ్ల దాకా మగపిల్లలకీ ఆడపిల్లలకీ విడివిడిగా ఉన్నాయి. వాటిలో పెద్దవాళ్ల 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే ఊబకాయం. పిల్లల డాక్టరు దగ్గర ఆ చార్టు ఉంటుంది. మీ పిల్లల చుక్క ఎక్కడ పడిందో పెట్టి చూపించమని అడగండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది, ఒక్క దారం ముక్క చాలు. పిల్లాడి ఎత్తుకి సరిగ్గా దారం తెంపండి. దాన్ని సగానికి మడవండి. చొక్కా పైకెత్తి, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ నట్టనడుమ, ఊపిరి మామూలుగా వదిలాక ఆ మడత దారాన్ని నడుం చుట్టూ తిప్పండి. కొసలు కలిస్తే సరే. కలవకపోతే నడుం చుట్టుకొలత ఎత్తులో సగం దాటిందన్నమాట. ఆరేళ్లు దాటిన వాళ్లకి ఇది పనికొస్తుంది. పొట్ట దగ్గర చేరే కొవ్వే గుండెకీ లివరుకీ చేటు కాబట్టి బరువు మిషను చెప్పనిది ఈ దారం చెబుతుంది. ఆ దారాన్ని నోటు పుస్తకంలో తేదీతో అంటించి ఉంచండి. మూడు నెలలకి కొత్తది తెంపి చూడొచ్చు.

ఇంట్లో మొదలుపెట్టే ముందు డాక్టరుకి చూపించాల్సిన వాళ్లు

తిండి వల్ల లావెక్కిన పిల్లలు సాధారణంగా ఈడు పిల్లల కంటే కాస్త పొడుగ్గానే ఉంటారు. లావుగా ఉండి, పొట్టిగా ఉండి, ఏడాదిగా ఎత్తు పెరగడం ఆగిపోయిందంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ల తేడా ఉండొచ్చు. మెడ వెనక, చంకల్లో నల్లగా మందంగా ముఖమల్లా చర్మం మారితే అది మురికి కాదు. పీచుతో రుద్దితే పోదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న సూచన. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించడం, వాంతులతోనో చూపు మసకతోనో తలనొప్పి, అతిదాహంతో రాత్రిళ్లు పదేపదే లేవడం, ఏ ప్రయత్నమూ లేకుండా బరువు పడిపోవడం, ఆడపిల్లలకి నెలసరి నెలల తరబడి రాకపోవడం, వీటిలో ఏదున్నా ఆలస్యం వద్దు. తుంటిలోనో మోకాల్లోనో నొప్పితో కుంటుతుంటే నడిపించకుండా ఆ రోజే తీసుకెళ్లండి. లావు పిల్లల్లో తుంటి ఎముక కీలు దగ్గర జారే జబ్బు ఉంది, అది మోకాలి నొప్పిలా కనబడి మోసం చేస్తుంది.

ఇంకొకటి. ఆయాసానికనో ఒంటి నొప్పులకనో చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, ఫిట్స్‌కి కొన్ని రకాల మందులు వాడుతున్నా బరువు పెరుగుతుంది. చీటీ తీసుకెళ్లి చూపించండి, మీ అంతట మీరు ఆపేయకండి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది ఈ సరిహద్దులో పెద్ద ప్రశ్నే. అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య పరీక్షల బృందం పద్దెనిమిదేళ్ల దాకా పిల్లల్ని చూస్తుంది. పెద్ద పిల్లలకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కౌమార క్లినిక్కులు ఉంటాయి, ఒడిశాలో వాటిని శ్రద్ధా క్లినిక్ అంటారు. పెద్ద పరీక్షలకైతే గంజాం, గజపతి వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్ వైపు వాళ్లకి అక్కడి మెడికల్ కాలేజీ, కొందరికి విశాఖ కేజీహెచ్. పదేళ్లు దాటి ఊబకాయం గీత పైన ఉన్నవాళ్లకి పరగడుపు షుగరు లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), కొలెస్ట్రాల్, లివరు ఎంజైము ఏఎల్‌టీ చూడటం పద్ధతి. బీపీ చూసేటప్పుడు చేతి లావుకి తగ్గ పట్టీ కట్టమని అడగండి. చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

మొదటి వారం: ఏమీ మార్చకండి, రాయండి

వారం రోజులు పిల్లలు నోట్లో వేసుకున్నదంతా రాయండి. అన్నం, కూరలు రాయడం తేలికే. దొరక్కుండా పోయేవి వేరే: ట్యూషన్‌కి వెళ్తూ కొన్న పది రూపాయల కుర్‌కురే పొట్లం, మామ్మ చేతిలో పెట్టిన లడ్డూ, కొట్లో కూర్చున్న నాన్న పక్కన తాగిన కూల్‌డ్రింకు, చెల్లి వదిలేసిన పాలు. చాలా ఇళ్లలో లెక్క తీస్తే అన్నం దగ్గర కాదు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు మధ్య బరువు పెరుగుతోందని తేలుతుంది. రాసేటప్పుడు మొహం చిట్లించారో, మర్నాటి నుంచి దొంగతిండి మొదలవుతుంది. అప్పుడా పుస్తకం దండగ.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్క మాట అనుకోవాల్సింది కూడా ఈ వారమే. మార్పు ఇంటికి, ఒక పిల్లాడికి కాదు. అన్నకి బజ్జీలు, తమ్ముడికి కీరా ముక్కలు పెట్టే ఇంట్లో ఏ పద్ధతీ నెల నిలవదు. ‘బొండాం’, ‘గున్న ఏనుగు’ లాంటి ముద్దు పేర్లు ఆ రోజుతో ఆపేయాలి, మేనమామలకి కూడా మినహాయింపు లేదు. పెద్దవాళ్లని ఒప్పించడం కష్టమే. కరువు చూసిన తరానికి బొద్దుగా ఉండటమే ఆరోగ్యం, తగ్గితే దిష్టి తగిలినట్టు. వాళ్లతో వాదించే కంటే పని అప్పజెప్పడం మేలు: సాయంత్రం చిరుతిండి బాధ్యత మామ్మదే, కాకపోతే ఏం చేయాలన్నది మనం కలిసి అనుకుందాం అనండి.

రెండో వారం: గ్లాసులో ఉన్నది

అన్నిటికంటే తేలిగ్గా, వేగంగా ఫలితమిచ్చేది ఇదే కాబట్టి ఇక్కడ మొదలుపెట్టాలి. రెండేళ్లు దాటిన పిల్లలకి రోజుకి కలిపిన పంచదార 25 గ్రాములు దాటకూడదు, అంటే అయిదారు చెంచాలు. 250 మిల్లీలీటర్ల కోలా ఒక్కదాంట్లోనే దాదాపు అంత ఉంటుంది. సీసా వెనక ‘షుగర్స్’ వరసలో 100 మి.లీ.కి ఎన్ని గ్రాములో ఉంటుంది. దాన్ని సీసా కొలతతో (మి.లీ.లో) గుణించి, వందతో భాగించి, మళ్లీ అయిదుతో భాగించి, అన్ని చెంచాల పంచదార ఒక గిన్నెలో పోసి పిల్లలకే చూపించండి. ఉపన్యాసం అక్కర్లేదు.

మామిడి రసం సీసాలూ అదే బాపతు. పండ్ల రసం ఇంట్లో తీసినా పీచు పోయి తీపి మిగులుతుంది, పండు తినమనండి. పాలలో కలిపే చాక్లెట్ పొడుల్లో పంచదార చాలా ఉంటుంది. ఆ పొడి మానేసినంత మాత్రాన ఎదుగుదల ఆగదు. పాలు మాత్రం మానొద్దు, రోజుకి 400 నుంచి 500 మి.లీ. చాలు. పంచదార మానేసి బెల్లం వేస్తున్నాం అంటే లెక్కలో తేడా లేదు. దాహానికి నీళ్లు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, ఎండాకాలంలో పఖాళ (నీళ్లు పోసి పులియబెట్టిన చద్దన్నం) మీది తేట తొరాణి. అవి అలవాటయ్యేదాకా పది రోజులు మొహాలు ముడుచుకుంటారు, పట్టించుకోకండి.

మూడో వారం: సాయంత్రం నాలుగింటి ఆకలి

బడి నుంచి వచ్చే పిల్లల ఆకలి నిజం. దాన్ని ‘కాసేపాగు’ అంటే బజారుకి పోతుంది. ఇంట్లో అడుగుపెట్టిన పది నిమిషాల్లో తినడానికి ఏదో సిద్ధంగా ఉండాలి.

యాభై గ్రాముల మిక్స్చర్, అంటే రెండు గుప్పిళ్లు, సుమారు 260 కేలరీలు. అవి తిన్నాక ఆకలి తీరదు, దాహం వేస్తుంది. అదే మన వైపు ముఢి చూడండి. మరమరాలు 30 గ్రాములు తూస్తే పెద్ద గిన్నె నిండుతుంది, 110 కేలరీల పైచిలుకు. అందులో ఉడికించిన శనగలు రెండు పెద్ద చెంచాలు, సన్నగా తరిగిన ఉల్లి, కీరా, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఆవనూనె ఒక్క చిన్న చెంచా, కొలిచి మాత్రమే. మొత్తం రెండు వందల కేలరీలకి అటూఇటుగా ఉంటుంది, నమలడానికి పావుగంట పడుతుంది, శనగల్లో పీచూ మాంసకృత్తులూ రాత్రి భోజనం దాకా నిలబెడతాయి. ఎక్కడ చెడుతుందంటే, సీసా నుంచి నూనె నేరుగా ఒంపడం దగ్గర, పైన సేవు చల్లడం దగ్గర. ముందే కలిపితే మెత్తబడి పిల్లలు తినరు. ముక్కలు డబ్బాలో ఉంచి తినే ముందు కలపండి. ముఢి బదులు ఒకరోజు ఘుగుని (బఠాణీల కూర) గిన్నెడు, ఒకరోజు ఉడికించిన గుడ్డు, జామకాయ, ఒకరోజు మజ్జిగ పోసిన చోడి (రాగి) అంబలి. చోడి పిండి వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఉంది, బెల్లం ముద్ద వేయనంతకాలం దానికి సాటి లేదు.

గుప్‌చుప్ (పానీపూరీ) బండి మీద మాకంత కోపం లేదు. వారానికోసారి, ఒక ప్లేటు, నిలబడి తిని ఇంటికి రావడం. రోజూ బరా (గారె), సింగడా (సమోసా) అయితేనే ఇబ్బంది. మొత్తంగా మాన్పించిన తిండి మీదే పిల్లల ధ్యాసంతా ఉంటుంది.

నాలుగో వారం నుంచి: కంచం, నూనె డబ్బా

కంచంలో సగం కూరగాయలు, పావు అన్నం, పావు పప్పు లేదా గుడ్డు లేదా చేప. వినడానికి తేలిక, మన ఇళ్లలో మాత్రం అన్నం మధ్యలో గుట్టలా ఉండి మిగతావి అంచున ఉంటాయి. దాన్ని ఒక్క రోజులో తిరగేయలేరు. వారానికి పావు కప్పు చొప్పున అన్నం తగ్గిస్తూ పదేళ్ల పిల్లలకి మధ్యాహ్నం కప్పున్నర, రాత్రి ఒక కప్పు దగ్గరకి రండి (కప్పు వండిన అన్నం 150 గ్రాములు, దాదాపు 200 కేలరీలు). ఆటలాడే పదిహేనేళ్ల వాళ్లకి ఇంకో కప్పు ఎక్కువే కావాలి.

కూరగాయలు తినని పిల్లలకి ఒడియా ఇరుగుపొరుగు నేర్పిన డాల్మాని మించిన దారి లేదు. నలుగురికి కందిపప్పు 150 గ్రాములు, పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయ, మునక్కాడ కలిపి 600 గ్రాములు, బంగాళాదుంప ఒక్కటే. పప్పు సగం ఉడికాక ముక్కలు వేయండి. మొదటే వేస్తే గుజ్జయిపోతాయి. నెయ్యి రెండు చిన్న చెంచాలతో పంచఫుటణ (అయిదు రకాల పోపు గింజలు) తిరగమోత, దించాక వేయించిన జీలకర్ర, మిరప పొడి. ముందు ఒక గిన్నె డాల్మా ఖాళీ చేయించి, తర్వాతే అన్నం వడ్డించండి. వరస మారితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

కొన్ని అపోహలు. పఖాళ తింటే లావెక్కరని అంటారు. అందులో ఉన్నది అదే అన్నం, నీళ్లు పోస్తే కేలరీలు కరిగిపోవు, పైగా నంచుకునే ఆలూ వేపుడు, బడి (వడియాలు), అప్పడం నూనె తాగి ఉంటాయి. అన్నం కప్పుతో కొలిచి, పక్కన కాల్చిన వంకాయ పచ్చడి, కాల్చిన చేప పెడితే పఖాళంత చలవ భోజనం లేదు. బంగాళాదుంప వేపుడు కూర కింద లెక్కకి రాదు, అన్నం కిందే వేయండి. రాత్రి అన్నం మాన్పించి నూనె రాసిన చపాతీలు నాలుగు పెడితే రెండు కప్పుల అన్నం దాటిపోయింది. గంజి వార్చినా పెద్దగా తగ్గేది లేదు, బి విటమిన్లు మాత్రం పోతాయి.

నూనెకి ఒకటే ఉపాయం. నలుగురున్న ఇంటికి నెలకి రెండున్నర లీటర్లు వేరే డబ్బాలో పోసి, మార్కరుతో నాలుగు వారాలకి నాలుగు గీతలు గీయండి. గీత దాటిందంటే ఆ వారం వేపుళ్లు అయిపోయినట్టే. బరంపురం ఆవకాయ, అప్పడాలు ఇంట్లో ఉన్నవాళ్లు వాటి నూనె కూడా ఇందులో కలిపే చూసుకోవాలి.

ఆట

రోజుకి అరవై నిమిషాలు ఒళ్లు కదలాలి, వారానికి మూడు రోజులు ఎముకలకీ కండరాలకీ పనిచెప్పే గెంతులు, ఎక్కడాలు ఉండాలి. అరవై ఒకేసారి అక్కర్లేదు, ఇరవై చొప్పున మూడుసార్లయినా చాలు. లావు పిల్లల్ని మొదటి రోజే పరిగెత్తించి, తాడాట ఆడిస్తే మోకాళ్లు పట్టేసి మూడో రోజు మానేస్తారు. ఇరవై నిమిషాల చురుకు నడకతోనో సైకిలుతోనో మొదలుపెట్టి వారానికి అయిదు నిమిషాలు పెంచండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం.

ఆట ఎగ్గొట్టే పిల్లలు చెప్పుకోలేని కారణం ఒకటుంది: తొడలు ఒరుసుకుని మంట. వెళ్లే ముందు లోపలి తొడలకి కొబ్బరినూనె గానీ వ్యాజిలీన్ గానీ రాసి, నిక్కరు లోపల మోకాళ్ల పైదాకా వచ్చే బిగుతు షార్ట్స్ వేయిస్తే సగం సాకులు పోతాయి.

ఈ తూర్పు తీరంలో మే నెలలో అయిదింటికే తెల్లవారుతుంది. అయిదున్నర నుంచి ఏడులోపు ఆట ముగించండి, పది తర్వాత బయటికి వద్దు. వానాకాలంలో మేడమెట్లు, సూర్యనమస్కారాలు, పాటలకి గంతులు. గోపాల్‌పూర్ ఇసుకలో నడక గట్టినేల మీద నడక కంటే ఎక్కువ శక్తి తీసుకుంటుంది, ఆదివారం దానికి పెట్టుకోవచ్చు. ఆడి వచ్చిన వెంటనే ‘అలిసిపోయావు’ అని కేకు, కూల్‌డ్రింకు చేతిలో పెడితే ఆడిందంతా నీళ్ల పాలే.

నిద్ర సంగతి క్లుప్తంగా: ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటితే 8 నుంచి 10. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది. ఫోను చార్జింగు పడకగదిలో కాదు, హాల్లో. టీవీ ముందు కంచం వద్దు.

పన్నెండు దాటిన వాళ్లతో

ఇక్కడ వంటిల్లు ఒక్కటే చాలదు, వాళ్ల ఒప్పుదల కావాలి. బరువు గురించి కాకుండా, మెట్లెక్కితే ఆయాసం, ఆటలో వెనకబడటం లాంటివాటి గురించి వాళ్లనే అడగండి. చుట్టాల ముందు మిషను ఎక్కించకండి. బజారులో దొరికే స్లిమ్మింగు పొడులు, ‘పొట్ట కరిగించే’ మాత్రలు, తేనె నిమ్మరసంతో ఉపవాసాలు, అన్నం పూర్తిగా మానే డైట్లు ఎదిగే ఒంటికి చేటు. బరువు తగ్గించే ఇంజక్షన్లు పన్నెండు దాటిన కొందరికి నిపుణులు రాస్తారు, మెడికల్ షాపులో అడిగి కొనేవి కావు.

భోజనాలు ఎగ్గొట్టడం, తిన్న వెంటనే బాత్‌రూంకి పరుగు, మంచం కింద రేపర్లు, రోజుకి నాలుగుసార్లు బరువు చూసుకోవడం, నెలసరి ఆగడం, ఇవి కనబడితే బరువు దించే పని అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి, వీలైతే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. లావు తగ్గలేదన్న దిగులు కన్నా ఇది పెద్ద జబ్బు.

మూడు నెలలకి

మొదటి నెల మిషనులో మార్పేమీ కనబడకపోవచ్చు. పెరగడం ఆగిందా అన్నదే చూడండి. మూడు నెలలకి ఎత్తు, బరువు, కొత్త దారం. మూడూ నోటు పుస్తకంతో సహా డాక్టరుకి చూపించి చార్టు మీద రెండో చుక్క పెట్టించండి. గీత వైపు కిందికి వంగుతుంటే ఏదీ పెంచొద్దు, తగ్గించొద్దు. వంగకపోతే మళ్లీ వారం రోజులు తిండి రాయండి. దాదాపు ఎప్పుడూ నూనె కొలవడం మానేసిన దగ్గరో, సాయంత్రం జేబుఖర్చు దగ్గరో దొరుకుతుంది.

పండగలకి మినహాయింపు ఇవ్వండి. రజ పండగకి పొడొపిఠా (కాల్చిన బియ్యప్పిండి తీపి కేకు) తిననివ్వండి, ఉయ్యాల ఊగనివ్వండి. బరంపురం ఠాకురాణీ జాతర దాదాపు నెల్లాళ్లుంటుంది కాబట్టి అక్కడ మాత్రం వారానికి ఒక సాయంత్రం అని ముందే అనుకోండి. పండగ మర్నాడు ఉపవాసం పెట్టించకుండా, డబ్బాల్లో మిగిలిన మిఠాయి ఇరుగుపొరుగుకి పంచేసి, నాలుగింటికి మళ్లీ ముఢి గిన్నె పెట్టండి.